కొండలో నిలిచిన శిల్పం, కొండ దాటిన శిల్పం

తెలుగు నేలపై ప్రాచీన శిల్పులు రాతిని ప్రధానంగా రెండు విధాలుగా వాడారు. కొన్ని చోట్ల కొండను కొండగానే ఉంచి, దాని గర్భాన్ని తొలిచి, గుహలను, స్తూపాలను, దేవతామూర్తులను అక్కడికక్కడే మలిచారు. మరికొన్ని చోట్ల రాతి పలకలను గనుల నుంచి తెచ్చి, వాటిపై శిల్పం చెక్కి, ఇటుక కట్టడాలకు తొడుగుగా అమర్చారు. గుంటుపల్లి, శంకరం, ఉండవల్లి, భైరవకోన మొదటి పద్ధతికి నిదర్శనాలు కాగా, అమరావతి, నాగార్జునకొండ రెండవ పద్ధతికి నిదర్శనాలు. పైకి ఇది కేవలం పనితనంలోని తేడాగా కనిపించినా, తరువాతి శతాబ్దాలలో ఈ శిల్పాలకు ఏ గతి పట్టిందనే విషయాన్ని చాలావరకు నిర్ణయించినది ఈ తేడాయే. కొండలో తొలిచిన శిల్పం కదలడానికి వీలులేక, కాలం మారినప్పుడు కొత్త ఆరాధనకు నెలవై, పుట్టిన చోటనే నిలిచింది. పలకపై చెక్కిన శిల్పం ఊడదీయడానికి వీలై, ఊళ్లను, సముద్రాలను దాటి ప్రదర్శనశాలలకు చేరింది. ప్రాచీన బౌద్ధ, హిందూ శిల్పాలను దర్శించదలచినవారికి ఈ దృష్టి ఏ విధంగా ఉపకరిస్తుందో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

కట్టడం, తొలవడం అనేవి వాస్తువిద్యలో ఒకదానికొకటి ఎదురుగా నడిచే పనులు. ఇటుకతోగాని రాతితోగాని కట్టేవారు పునాది నుంచి పైకి పోతారు. ఒక రాయి పగిలితే దాన్ని తీసివేసి మరొకటి పెడతారు. స్తంభం సన్నబడితే మార్చుకొంటారు. కొండను తొలిచేవారికి ఆ వెసులుబాటు లేదు. వారు ముందుగా కొండ ముఖాన్ని నిలువుగా చదును చేసి, సాధారణంగా పైకప్పు వైపు నుంచి కిందికి రాతిని తొలగిస్తూ పోతారు. ఎక్కడ స్తంభం నిలవాలో, ఎక్కడ విగ్రహం వెలువడాలో ముందే నిశ్చయించుకొని, అంతమేర రాతిని ముట్టకుండా విడిచిపెట్టి, మిగిలినదాన్ని ఉలితోను సుత్తితోను తీసివేస్తారు. తీసిన రాతిని తిరిగి అతికించడం సాధ్యం కాదు గనుక, రాతిలోని పగులుగాని మెత్తని పొరగాని మధ్యలో బయటపడితే, పథకాన్ని మార్చుకోవడమో పనిని ఆపివేయడమో తప్ప వేరు దారి ఉండదు. అందువల్లనే గుహాలయాలలో పూర్తికాని గదులు, మొరటుగా మిగిలిన స్తంభాలు, సగంలో ఆగిన గోడలు తరచుగా కనిపిస్తాయి. చూడవచ్చినవారు వీటిని లోపాలుగా భావించి దాటిపోతారుగాని, శిల్పి ఏ క్రమంలో పనిచేశాడో తెలిపే సాక్ష్యం వీటిలోనే ఉంటుంది; నునుపు చేసిన గోడ ఆ క్రమాన్ని చెరిపివేస్తుంది.

ఈ తొలిచే పద్ధతికి తెలుగు నేలపై మిగిలిన అతి ప్రాచీన నిదర్శనాలలో ఒకటి ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం గ్రామాన్ని ఆనుకొని ఉన్న గుంటుపల్లి కొండపై ఉంది. క్రీస్తు పూర్వం 2, 1 శతాబ్దాల నాటికే ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివాసం ఏర్పరచుకొన్నారు. ఇక్కడ కనిపించే నిర్మాణాలను అర్థం చేసుకోవడానికి మూడు మాటలు అవసరం. బుద్ధుని ధాతువులపైగాని, పూజ్యులైన భిక్షువుల ధాతువులపైగాని, అంటే వారి అస్థి అవశేషాలపై, అర్ధగోళాకారంలో నిర్మించే దిబ్బను స్తూపమంటారు. స్తూపాన్ని లోపల నిలిపి, చుట్టూ ప్రదక్షిణకు దారి విడిచిన పూజామందిరాన్ని చైత్యగృహమంటారు. భిక్షువులు వర్షాకాలంలో కుదురుగా నివసించే గదుల సముదాయాన్ని విహారమంటారు. గుంటుపల్లిలో ఈ మూడూ ఒకే కొండపై ఉన్నాయి. ఇక్కడి ఇసుకరాతి పొరలను తొలిచి చేసిన వర్తులాకార చైత్యగృహం చిన్నదే అయినా, దాని మధ్యలో కొండరాతితోనే మలచిన స్తూపం, చుట్టూ ఒకరు నడవగలిగిన ఇరుకైన ప్రదక్షిణ మార్గం, పైన గుమ్మటంవలె వంగిన కప్పు ఉన్నాయి. ఆ కప్పు అడుగుభాగాన చెక్కిన వాసాలను ప్రత్యేకంగా గమనించాలి. రాతి కప్పుకు వాసాల ఆధారం అవసరం లేదు. అవి ఏ బరువునూ మోయవు. కర్రలతో, వెదుళ్లతో గుండ్రని పర్ణశాలలు కట్టే అలవాటు అంతకు ముందే స్థిరపడి ఉండగా, శిల్పులు ఆ పర్ణశాల రూపాన్ని రాతిలోకి యథాతథంగా తీసుకొనివచ్చారు. ద్వారంపై గుర్రపునాడా ఆకారంలో ఉన్న తోరణపు కమాను, దాని కిందికి పొడుచుకొని వచ్చినట్లు చెక్కిన దూలాల కొసలు కూడా ఆ దారు నిర్మాణపు జాడలే. కర్ర ఇళ్లు నశించిపోయిన ఈ దేశంలో, రెండువేల ఏళ్లనాటి కప్పు పని ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇటువంటి రాతి అనుకరణలే ప్రధానమైన ఆధారం.

గుంటుపల్లి చైత్యానికి పూర్వరూపాలు బీహారులో గయ సమీపాన ఉన్న బరాబర్ కొండలలో కనిపిస్తాయి. అక్కడి సుదామ గుహను అశోకుడు తన పరిపాలన 12వ సంవత్సరంలో ఆజీవకులనే సన్న్యాసులకు దానం చేసినట్లు శాసనం ఉంది. ఆ గుహ లోపలి గది వర్తులాకారంలో ఉంటే, పక్కనున్న లోమశఋషి గుహ ద్వారంపై కర్ర కమానును అనుకరించిన తోరణం ఉంది. మగధలో ఆజీవకుల కోసం పుట్టిన రూపం కృష్ణా గోదావరి మధ్యదేశంలో బౌద్ధుల పూజామందిరం కావడాన్నిబట్టి, గుహ రూపం ఏ ఒక్క మతానికీ చెందినది కాదని, శిల్పుల వృత్తి సంప్రదాయానికి చెందినదని గ్రహించవచ్చు. గుంటుపల్లిలో దొరికిన బ్రాహ్మీ శాసనాలలో ఒకటి, కళింగ మహిషక దేశాలకు అధిపతిగా చెప్పుకొన్న మహామేఘవాహన వంశీయుడు సిరిసదుని పేర్కొంటూ, ఆయన లేఖకుడు ఒక మండపాన్ని దానం చేసిన విషయాన్ని తెలుపుతుంది. కొండపై గుహలతోపాటు ఇటుకతో కట్టిన చైత్యం పునాదులు, వరుసలుగా నిలిచిన చిన్న చిన్న ఉద్దేశిక స్తూపాలు, అంటే భక్తులు మొక్కుగా కట్టించిన స్తూపాలు, విస్తారంగా ఉన్నాయి. బౌద్ధం క్షీణించిన తరువాత కూడా ఈ కొండ పూజకు దూరం కాలేదు. గుహలోని స్తూపాన్ని చుట్టుపక్కల గ్రామాలవారు ధర్మలింగేశ్వరస్వామిగా కొలిచారు. కదల్చడానికి వీలులేని రాయికి మరొక పేరుతో పూజ కొనసాగడం వల్లనే ఆ రాయి పగలకుండా నిలిచిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అనకాపల్లికి సమీపంలో శంకరం గ్రామం పక్కన ఉన్న జంట కొండలు బొజ్జన్నకొండ, లింగాలకొండ, ఈ పద్ధతిని మరొక దిశలో విస్తరింపజేశాయి. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 20వ శతాబ్దం తొలి దశకంలో ఇక్కడ తవ్వకాలు జరిపి, సముద్రగుప్తుని బంగారు నాణేన్ని, మట్టి ముద్రికలను, ఇతర వస్తువులను వెలికితీశాడు. స్థూలంగా క్రీస్తు శకం 4 నుంచి 9వ శతాబ్దం వరకు ఈ బౌద్ధక్షేత్రం వర్ధిల్లినట్లు చరిత్రకారులు భావిస్తారు. గుంటుపల్లిలో గుహ లోపలకే పరిమితమైన తొలిచే పని, ఇక్కడ కొండ వెలుపలికి వచ్చింది. బొజ్జన్నకొండ శిఖరంపైనున్న పెద్ద స్తూపానికి గర్భం కొండరాయే. ఆ రాతిని స్తూపాకారంలో చెక్కి, దాని చుట్టూ ఇటుకతో తొడుగు వేశారు. లింగాలకొండపై రాతిని మెట్లు మెట్లుగా చెక్కుతూ, చిన్నవీ పెద్దవీ అయిన ఏకశిలా స్తూపాలను వరుసలు వరుసలుగా మలిచారు. కొండ మొత్తమే స్తూపాల సమూహంగా మారడం తెలుగు నేలపై మరెక్కడా ఈ స్థాయిలో కనిపించదు. బొజ్జన్నకొండలో తొలిచిన ప్రధాన గుహలో చతురస్రాకారపు స్తంభాల వరుసల మధ్య రాతి స్తూపం నిలిచి ఉంటుంది. ద్వారానికి ఇరుపక్కల ద్వారపాలకులు, పైభాగాన ఆసీనుడైన బుద్ధుడు దర్శనమిస్తారు. గుంటుపల్లి తొలి గుహలో బుద్ధుని విగ్రహం లేదు, స్తూపమే పూజార్హం. శంకరంలో స్తూపమూ విగ్రహమూ పక్కపక్కన ఉన్నాయి. గుంటుపల్లిని, శంకరాన్ని వరుసగా చూసినవారికి, చిహ్నాన్ని పూజించే దశ నుంచి రూపాన్ని పూజించే దశకు బౌద్ధం సాగిన మార్పు గ్రంథాల సాయం లేకుండానే బోధపడుతుంది.

కృష్ణానది ఒడ్డుకు వచ్చేసరికి తొలిచే కళ హిందూ దేవతల కోసం పనిచేయడం మొదలుపెట్టింది. విజయవాడకు ఎదురుగా నది దక్షిణపు ఒడ్డున గుంటూరు జిల్లాలో ఉన్న ఉండవల్లి గుహాలయం నాలుగు అంతస్తులలో ఉంటుంది. దీని కాలాన్ని గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. కొందరు దీనిని విష్ణుకుండినుల కాలానికి, మరికొందరు అంతకు తరువాతి 7వ శతాబ్దానికి చెందినదిగా నిర్ణయించారు. మొదట బౌద్ధులో జైనులో తొలిపించుకొన్న గుహ తరువాత విష్ణ్వాలయంగా విస్తరించిందనే అభిప్రాయం కూడా ఉంది. కింది అంతస్తు అసంపూర్ణంగా ఆగిపోవడంవల్ల, రాతిని ఏ విధంగా గళ్లు గళ్లుగా విభజించుకొని తొలిచేవారో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పై అంతస్తులలోని స్తంభాలపైన, గోడలపైన నరసింహ, వరాహాది మూర్తులున్నాయి. మూడవ అంతస్తులో శేషశయ్యపై పవళించిన అనంతశయన విష్ణువు విగ్రహం 5 మీటర్లకు మించిన పొడవుతో గోడను ఆనుకొని ఉంటుంది. నాభికమలంలో బ్రహ్మ, పాదాల వద్ద మధుకైటభులనే రాక్షసులు, చుట్టూ ఋషులు ఉన్నారు. ఈ మూర్తిని తెచ్చి గదిలో ప్రతిష్ఠించలేదు. మూర్తికి సరిపడినంత రాతిని విడిచి, చుట్టూ గదిని తొలిచారు. గది పొడవు, కప్పు ఎత్తు, వెలుగు వచ్చే దిక్కు అన్నీ ఆ శయనమూర్తికి తగినట్లుగానే నిర్ణయమైనాయి. ఆలయం ముందా విగ్రహం ముందా అనే ప్రశ్న ఇక్కడ అర్థం కోల్పోతుంది.

నదికి అవతల విజయవాడలోనే మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి పాదంలోని అక్కన్న మాదన్న గుహలు ఇదే సంప్రదాయానికి చెందినవి. అక్కన్న మాదన్నలు 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా వద్ద మంత్రులు. గుహలు వారి పేరు మోస్తున్నా వారికన్నా అనేక శతాబ్దాలు ముందరివి. మొగల్రాజపురంలోని ఒక గుహ ముఖభాగంపై నాట్యం చేసే శివమూర్తి శిథిలరూపంలో మిగిలి ఉంది. కృష్ణాతీరపు గుహలకు, తమిళనాడులోని పల్లవుల గుహాలయాలకు సంబంధం ఉన్నదని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ వాదించాడు. పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ మండగపట్టులో వేయించిన శాసనం, ఇటుక, కర్ర, లోహం, సున్నం వాడకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఆలయాన్ని చేయించినట్లు గర్వంగా ప్రకటిస్తుంది. ఆ నాలుగు పదార్థాలను పేరుపేరునా నిరాకరించడాన్నిబట్టి, అంతవరకు ఆలయాలు వాటితోనే కట్టేవారని, రాతిని తొలవడం ఆ ప్రాంతానికి కొత్త సాహసమని తెలుస్తుంది. తెలుగు నేలపై హిందూ గుహాలయాలు మరొక చోట గుంపుగా కనిపించేది నల్లమల ప్రాంతంలోని భైరవకోనలో. అక్కడ సెలయేటి ఒడ్డున గట్టి రాతి కొండను తొలిచి 8 శివాలయాలు చేశారు. వాటి ముఖభాగాలలోని ద్వారపాలకులను, స్తంభాల అడుగున కూర్చున్న సింహాలను చూస్తే, పల్లవ శిల్పంతో వాటికున్న చుట్టరికం వెంటనే కనబడుతుంది.

ఇక రెండవ పద్ధతి. కొండను తొలిచేవారికి రాయి ఉన్న చోటికి తాము పోవలసి ఉండగా, అమరావతి శిల్పులు రాతిని తమకు కావలసిన చోటికి తెచ్చుకొన్నారు. పల్నాడు ప్రాంతపు సున్నపురాయి లేత ఆకుపచ్చ ఛాయ గల తెల్లని రాయి; అది పొరలు పొరలుగా ఉండి పలకలుగా విడివడుతుంది; నల్లరాతితో పోలిస్తే మెత్తనిది గనుక ముఖంలోని భావాన్ని, నగలలోని పూసను, వస్త్రంలోని ముడతను సైతం ఉలితో పలికించడానికి అనువైనది. శాతవాహనుల కాలంలో ధాన్యకటకంగా ప్రసిద్ధి పొందిన ఈ నగరంలోని మహాచైత్యం సుమారు 50 మీటర్ల వ్యాసం గల స్తూపం. దాని లోపల మట్టి, ఇటుక. పైన చెక్కిన పలకల తొడుగు. చుట్టూ ప్రదక్షిణ మార్గానికి ఆవల రాతి ప్రాకారం. ఈ ప్రాకారాన్ని వేదిక అంటారు. అందులో నిలువు స్తంభాలు, వాటి మధ్య సూచులనే అడ్డపట్టీలు, పైన ఉష్ణీషమనే దిమ్మెల వరుస ఉంటాయి. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన అరుగులపై ఐదేసి ఆయక స్తంభాలను నిలిపారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితులు వివరిస్తారు. ఉష్ణీషం వెలుపలి ముఖాన పొడవైన పూలదండను భుజాలపై మోస్తూ సాగే మనుషుల వరుస ఉంటే, లోపలి ముఖాన, అంటే ప్రదక్షిణ చేసేవారికి కనిపించే వైపున, కథా ఘట్టాలుంటాయి. నడిచేవారి చూపుకు, అడుగుకు అనుగుణంగా కథను పేర్చిన ఈ ఏర్పాటును ప్రదర్శనశాల గోడపై విడిగా తగిలించిన పలకనుబట్టి ఊహించడం కష్టం.

అమరావతి ఫలకాలను చదవడానికి కొన్ని ఆనవాళ్లు తెలియాలి. తొలి దశ శిల్పాలలో బుద్ధుడు మానవాకారంలో కనిపించడు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, ధర్మచక్రం, పాదముద్రలు ఆయన సాన్నిధ్యాన్ని సూచిస్తాయి. తరువాతి దశలో చిహ్నాలతోపాటు మానవరూపం కూడా ప్రవేశించింది. ఒకే ఫలకంలో ఒకే పాత్ర రెండు మూడు సార్లు కనిపిస్తే దాన్ని శిల్పి పొరపాటుగా భావించరాదు. కాలంలో ఒకదాని తరువాత ఒకటి జరిగిన సంఘటనలను ఒకే చోట పక్కపక్కన చూపడం ఇక్కడి శిల్పుల అలవాటు. ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్న నలగిరి ఫలకం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దేవదత్తుని కుట్రవల్ల మదమెక్కించి బుద్ధునిపైకి వదిలిన ఏనుగు, ఆ గుండ్రని ఫలకంలో ఒక పక్క వీధిలోని జనాన్ని తొక్కుతూ పరుగెత్తుతుంది. మరొక పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లుతుంది. భయంతో ఒకరినొకరు పట్టుకొన్న మనుషులు, మేడల కిటికీలలోంచి తొంగిచూసే స్త్రీలు, నగరద్వారం అన్నీ ఆ వృత్తంలోనే ఇమిడి ఉన్నాయి. ఈ శిల్పాలకు ధనం సమకూర్చినవారు రాజులు మాత్రమే కారు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, వృత్తిపనివారు ఒక స్తంభమో ఒక సూచియో దానం చేసి, దానిపై తమ పేర్లను చెక్కించుకొన్నారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి దానం చేసిన ఫలకంపై పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కలశం, ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నానికి ఆ పూర్ణఘటమే ప్రేరణ.

పలక శిల్పానికి ఉన్న సౌలభ్యమే దాని ప్రమాదం కూడా అయింది. 18వ శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, పనివారు రాతి కోసం పక్కనున్న దిబ్బను తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ ఆ శిల్పాలను చూశాడు. 1816లో తిరిగి వచ్చి చిత్రకారులతో, సర్వేయర్లతో స్తూపం పటాన్ని, శిల్పాల చిత్రాలను తయారు చేయించాడు. అప్పటికే అనేక పలకలు చెరువు మెట్లలోను, ఇళ్లలోను చేరిపోయాయి. సున్నపురాయి గనుక కొన్ని సున్నపు బట్టీలకు కూడా పోయాయి. కొండ గుహలోని స్తంభాన్ని ఇంటికి మోసుకొనిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. వేదికలోని సూచిని మాత్రం బండిపై వేసుకొనిపోవచ్చు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరి, కొన్నేళ్లు ఎండావానలకు బయటనే పడి ఉండి, 1859లో ఓడలో లండనుకు ప్రయాణమైనాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి సంక్రమించాయి. అదే 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞపై దిబ్బను త్వరత్వరగా ఖాళీ చేయించడంతో, ఏ పలక ఏ చోట నిలిచి ఉండేదో తెలిపే వివరాలు చాలావరకు చెదిరిపోయాయి. ఆ తరువాత 1881లో జేమ్స్ బర్జెస్ మిగిలిన శిల్పాలను సేకరించి నమోదు చేశాడు. నేడు అమరావతి శిల్పం చెన్నై, లండను, అమరావతి మొదలైన చోట్ల చెల్లాచెదురుగా ఉంది. స్తూపం ఉన్న చోట ఇటుక దిబ్బ, కొన్ని నిలువు పలకలు, స్తంభాలు మాత్రమే మిగిలాయి.

నాగార్జునకొండ కదిలిన తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో శాసన పరిశోధకుడు ఎ. ఆర్. సరస్వతి ఈ అవశేషాలను గుర్తించాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు జరిపాడు. ఇక్ష్వాకుల చరిత్రలో గమనింపదగిన విశేషం, ఒకే రాజకుటుంబంలో వైదిక, బౌద్ధ ధర్మాలు కలిసి నడవడం. అశ్వమేధం చేసి, మహాసేనుడైన కుమారస్వామిని కొలిచిన వాశిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి శాంతిసిరి, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని పాలనలో మహాచైత్యానికి గొప్ప దానాలు చేసింది. అదే లోయలో బౌద్ధ విహారాలతోపాటు పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి ఆలయాల అవశేషాలు, కుమారస్వామి విగ్రహాలు బయటపడ్డాయి. బౌద్ధ శిల్పానికి వాడిన సున్నపురాయినే, ఆ సంప్రదాయంలో చేయి తిరిగిన శిల్పులే, హిందూ మూర్తులకు కూడా వినియోగించారు. నాగార్జునసాగర్ ఆనకట్టను తలపెట్టడంతో లోయ నీట మునగడం అనివార్యమైంది; ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విడదీసి, కొన్నిటిని కొండపైన, మరికొన్నిటిని జలాశయపు గట్టున అనుపు వద్ద తిరిగి నిలిపారు. ఆ కొండ ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపం; అక్కడి ప్రదర్శనశాలకు లాంచీలో పోవాలి. అమరావతిలో పలకలు ఒక క్రమం లేకుండా పోయాయి. నాగార్జునకొండలో ప్రతి కట్టడానికీ కొలతలు, పటాలు తయారు చేసిన తరువాతనే కదిలించారు. కదిలించడమే నష్టం కాదని, కదిలించినప్పుడు స్థానాన్ని నమోదు చేయకపోవడమే తీరని నష్టమని ఈ రెండు క్షేత్రాలను పోల్చి చూస్తే తేలుతుంది.

ఈ రెండు పద్ధతుల మధ్య గుడిమల్లం ప్రత్యేక స్థానాన్ని పొందింది. తిరుపతి జిల్లా ఏర్పేడు సమీపంలోని పరశురామేశ్వరాలయ గర్భగుడిలో సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు గల శివలింగం ఉంది. దాని ముందుభాగాన, కిందనున్న మరుగుజ్జు యక్షుని భుజాలపై నిలబడిన ద్విభుజ శివుని మూర్తి ఉబ్బెత్తుగా చెక్కి ఉంది. ఒక చేత పొట్టేలును, మరొక చేత నీటి పాత్రను పట్టుకొని, భుజంపై గొడ్డలి ధరించిన ఈ మూర్తిని అనేకమంది పండితులు క్రీస్తు పూర్వానికి చెందినదిగా నిర్ణయించారు. 1973లో ఐ. కె. శర్మ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల వల్ల, మొదట ఈ లింగం ఆరుబయట రాతి వేదిక మధ్య నిలిచి ఉండేదని తెలిసింది. బౌద్ధ స్తూపం చుట్టూ ఉండే వేదికయే ఇక్కడ లింగం చుట్టూ ఉంది. ఆలయం వెనుక భాగం గుండ్రంగా ఉండే గజపృష్ఠాకారం కూడా బౌద్ధ చైత్యాలకు, హిందూ ఆలయాలకు సమానమైనదే. పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయం ఒకప్పటి బౌద్ధ చైత్యమని కొందరు పండితులు చెప్పడానికి కారణం ఆ ఆకారమే. ఇటువంటి పోలికలు కనిపించిన చోటెల్లా ఒక మతం మరొక మతపు స్థలాన్ని ఆక్రమించిందని వెంటనే తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఒకే శిల్పివర్గం, ఒకే రాయి, ఒకే రకపు కొలతలు ఇద్దరికీ అందుబాటులో ఉండేవి. మార్పు జరిగినదీ లేనిదీ ప్రతి క్షేత్రంలోనూ శాసనాల ద్వారా, తవ్వకాల ద్వారా విడిగా నిర్ణయించవలసి ఉంటుంది.

ఈ క్షేత్రాలను దర్శించేవారు కొన్ని ఆచరణాత్మక విషయాలను కూడా గుర్తుంచుకోవాలి. ఉబ్బెత్తు శిల్పాలను ఎదురుగా పడే వెలుతురులోకంటే పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో చూస్తే చెక్కడపు లోతు తెలుస్తుంది. అందుచేత ఉదయం తొలి గంటలు, సాయంకాలం చివరి గంటలు అనుకూలమైనవి. నడిమధ్యాహ్నపు ఎండలో గీతలు చదునుగా కనిపిస్తాయి. గుహ లోపలికి ప్రవేశించిన తరువాత కళ్లు చీకటికి అలవాటు పడేవరకు ఆగి, ముందుగా కప్పును, తరువాత స్తంభాలను, చివరగా విగ్రహాన్ని చూడడం మంచిది. తొలిచిన క్రమం కూడా ఇంచుమించు అదే. గోడలలో కనిపించే చతురస్రాకారపు గుంటలు చాలావరకు కర్ర తలుపులను, దూలాలను అమర్చడానికి చేసినవి. అంటే నేడు బోసిగా కనిపించే రాతి ముఖానికి ఒకప్పుడు కర్ర పని కూడా తోడై ఉండేది. ఇసుకరాయి, సున్నపురాయి చేతి చెమటకు, నూనెకు, పసుపు కుంకుమలకు త్వరగా చెడిపోతాయి. సున్నం పూతలు, రంగులు చెక్కడపు అంచులను పూడ్చివేస్తాయి. రక్షిత కట్టడాలకు హాని కలిగించినవారికి 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 2010 సవరణ ప్రకారం, రెండు సంవత్సరాల వరకు జైలుశిక్షగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. అటువంటి కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలను ఆ చట్టం నిషేధించింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది దర్శనపు క్రమం. పలక శిల్పం విషయంలో ప్రదర్శనశాలను మాత్రమే చూసినవారికి శిల్పం తెలుస్తుందిగాని స్తూపం తెలియదు. దిబ్బను మాత్రమే చూసినవారికి స్తూపపు పరిమాణం తెలుస్తుందిగాని దాని ముఖం తెలియదు. అమరావతిలో ఆ వృత్తం చుట్టూ నడిచి, దాని విస్తీర్ణాన్ని మనసులో నిలుపుకొన్న తరువాత చెన్నైలోని ఫలకాలను చూసినప్పుడు మాత్రమే ఏ శిల్పం నడిచేవారి కంటి ఎత్తున ఉండేదో, ఏది తలపైన ఉండేదో ఊహకు అందుతుంది. గుంటుపల్లి, శంకరం, ఉండవల్లి, భైరవకోనల విషయంలో అటువంటి రెండవ చోటు లేదు. అక్కడి శిల్పానికి ఆ కొండే ప్రదర్శనశాల. చుట్టూ ఉన్న రాయి ఆ శిల్పంలో భాగమే. పలకకు ప్రమాదం వస్తే దాన్ని భద్రమైన చోటికి చేర్చవచ్చునని నాగార్జునకొండ రుజువు చేసింది. కొండకు ప్రమాదం వస్తే, క్వారీ పేలుళ్లతో గాని, నీటి ఊటతో గాని, మనుషుల చేతులతో గాని అది పగిలితే, తిరిగి నిలపడానికి మరొక మార్గం లేదు. కాబట్టి తెలుగు నేలపై శిల్పరక్షణకు వెచ్చించే శ్రద్ధలో మొదటి భాగం, ఇప్పటికే ప్రదర్శనశాలలకు చేరినవాటికన్నా, కదలడానికి వీలులేని ఈ గుహాలయాలకు, వాటి చుట్టూ ఉన్న కొండలకు దక్కవలసి ఉంది.